డ్రిల్లు మాస్టరు పదవి ఖాళీగా నుండవచ్చునా?

గత మాసమున మన పాఠశాల కార్యవర్గము సమావేశమైనప్పుడు సభ్యులకు పంచిన ఆయవ్యయ పట్టికలో రెండు ఉద్యోగముల ప్రక్కన ఎఱ్ఱ గీతలు గీయబడియుండెను. ఒకటి తెలుగు పండితుని పదవి. రెండవది డ్రిల్లు మాస్టరు పదవి. మొదటిదానికై మనవారు పోరాడుదురని నాకు నమ్మకము కలదు. నాలుగైదు తరములనుండి బెంగుళూరులో స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో కన్నడము, అంగడిలో వచ్చినవారి భాష మాటలాడుకొను మనకు తెలుగు పండితుడు లేని బడి యెట్టిదో ఒకరు చెప్పనక్కఱలేదు. రెండవ గీతను జూచి మాత్రము సభలో నెవ్వరును నోరు మెదపలేదు. పైగా ఒక పెద్దమనిషి, "ఆ పనికిప్పుడు బయట అకాడమీలున్నవి గదా! ఫీజు కట్టగలవారి పిల్లలు అక్కడికి పోయి ఆడుకొందురు" అని సెలవిచ్చిరి. వెంటనే మఱియొకరు, బాస్కెట్ బాల్ కోర్టు ఉన్న స్థలములో దుకాణములు కట్టి అద్దెల కీయవచ్చునని సూచించిరి. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ రెండును తీర్మానములుగా రానున్నవి. కావున నా అభిప్రాయమును ముందుగానే ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాను.

మొదట నా తప్పు నేనొప్పుకొందును. మూడేండ్ల క్రిందట మన డ్రిల్లు మాస్టరుగారు విశ్రాంతి పుచ్చుకొన్నప్పుడు, ఆ స్థానమును తాత్కాలికముగా ఖాళీ నుంచవచ్చునని చేయి యెత్తినవారిలో నేనొకడను. నెలకొక జీతము మిగులునని వర్తకుని లెక్క వేసితిని. శాలువ కప్పి, వెండి పళ్ళెము చేతికిచ్చి, ఫోటో తీయించుకొని, మఱునాడే ఆయన కుర్చీని గదిలోనుండి తీసివేయించితిమి. తాత్కాలికమన్న మాట మూడేండ్లు నిలిచినది. ఇప్పుడది శాశ్వతము కాబోవుచున్నది.

ఆయన నాకును గురువే. 1990వ దశకమున నేను హైస్కూలులో చదువుచుండగా ఆయన ఎనిమిదవ తరగతికి లెక్కలు చెప్పుచు, బడి యంతటికి డ్రిల్లు చేయించుచు, బాస్కెట్ బాల్ జట్టును తీర్చిదిద్దుచుండెడివారు. తెల్లవారకముందే సైకిలుమీద వచ్చి, గేటు తాళము తీసి, తామే చీపురు పట్టి కోర్టు ఊడ్చి, చెరిగిన గీతలపై సున్నము చల్లెడివారు. అప్పటి కింకను సిమెంటు నేల లేదు, ఎఱ్ఱమట్టి నేల. వాన కురిసిన మఱునాడు గోనెసంచులతో నీరద్దినవారిలో మొదటివారు మాస్టరు, తరువాత మేము. వారి ఆజ్ఞలు ఇంగ్లీషున, తిట్లు తెలుగున, మెప్పు కన్నడమున నుండెడివి. "శభాష్, మగా" అని ఒక్కసారి యనిపించుకొనుటకు మేము నెలల తరబడి పరుగెత్తెడివారము.

మా నాన్నగారికి ఆటలన్న గిట్టదు. సాయంత్రము బడి విడువగానే నేను చిక్కపేట అంగడిలో నుండవలెను. మాస్టరుగారు ఒకనాడు అంగడికే వచ్చి తివాచీ అంచున కూర్చుండిరి.

"శెట్టిగారూ, సాయంత్రం పిల్లవాడు మీకు కావాలి, నాకు తెలుసు. పొద్దున ఒక గంట నాకివ్వండి, చాలు."

"ఆటతో అన్నం పుడుతుందా మేష్టరుగారూ?"

"పుట్టదండీ. అయిదుగురు కలిసి ఒక పని చేయడం వస్తుంది. మీ అంగట్లో ఎంతమంది ఉన్నారు?"

నాన్నగారు గుమాస్తాలవైపు చూచి నవ్వి ఒప్పుకొనిరి. ఆ అయిదుగురు గుమాస్తాలు ఒక మాటమీద నుండరని బజారంతయు నెఱిగిన విషయము.

మాస్టరుగారికొక నియమముండెను. లెక్కలలో ముప్పదియైదు మార్కులు రానివాడు ఆ నెల జట్టులో లేడు. ఒకమారు అంతర పాఠశాలల పోటీకి ముందు మాలో అందఱికంటె పొడగరి, మా ఆశలన్నిటికిని ఆధారమైనవాడు, ముప్పదియొకటి తెచ్చుకొనెను. ప్రధానోపాధ్యాయుడు స్వయముగా వచ్చి బ్రతిమాలినను మాస్టరుగారు వినలేదు. మేము చిత్తుగా ఓడిపోతిమి. ఆ పొడగరి మఱునెల అఱువది తెచ్చుకొనెను. లెక్కల మాస్టరు వేఱు, ఆటల మాస్టరు వేఱుగా నున్నచో ఇది జరిగియుండునా? ఫీజు పుచ్చుకొను అకాడమీవాడు పిల్లవాని మార్కుల పట్టిక యడుగునా?

అసలు ఈ యాట పుట్టినదే ఒక డ్రిల్లు మాస్టరు చేతిలోనని మనలో చాలమంది యెఱుగరు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమునందు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునికి ఒక అల్లరి తరగతి నప్పగించిరి. బయట మంచు. లోపల కసరత్తులతో విసిగిపోయిన యువకులు. ఆయన వ్యాయామశాల వసారాకు, నేలనుండి పదియడుగుల యెత్తున, రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి, పదుమూడు నియమములు వ్రాసి గోడ కంటించెను. ఆ పదియడుగుల యెత్తు నేటికిని మాఱలేదు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో తన యాట ఆడబడుటను ఆయన కన్నులార చూచెను. కాన్సాస్ విశ్వవిద్యాలయమున ఆయన నడిపిన జట్టు మాత్రము గెలిచిన ఆటలకంటె ఓడినవే యెక్కువ! ఆటను కనిపెట్టినవానికే ఆ గతి పట్టినప్పుడు, మన బడి కప్పులు తేలేదని మాస్టరును నిందించువారు కొంచెము నెమ్మదింపవలెను.

అదే వై.ఎం.సి.ఏ. పక్షమున హారీ క్రో బక్ అను అమెరికావాడు మదరాసునకు వచ్చి 1920లో వ్యాయామ శిక్షణాలయము స్థాపించి, 1943లో మరణించువఱకు దానినే నడపెను. డ్రిల్లు మాస్టరనువాడు సిపాయి గాదు, ఉపాధ్యాయుడని దక్షిణదేశమునకు నేర్పినది ఆ సంస్థయే. బెంగుళూరులో ఈ యాట వేళ్ళూనిన తీరు మనకు తెలిసినదే. బీగల్స్, దేవాంగ యూనియన్ వంటి క్లబ్బుల పేర్లు మన పేటలలో క్రికెట్టు ఆటగాండ్ర పేర్లవలె వినబడిన కాలమును మనవారు మఱచియుండరు.

పై మాటలు చదివి, "హైస్కూలు మాస్టరు ఎంత యాడించినను హైస్కూలు మాస్టరే గదా" అనువారు కలరు. వారికి మోర్గన్ వూటెన్ కథ చెప్పవలెను. మేరీలాండు రాష్ట్రములో హయట్స్‌విల్ అను ఊర డెమాథా హైస్కూలు కలదు. 1956లో ఇరువదియైదేండ్ల వయసున ఆయన అక్కడ చేరి ప్రపంచ చరిత్ర బోధించుచు బాస్కెట్ బాల్ నేర్పెను. 2002 వఱకు ఆ బడి విడువలేదు. ఆయన జట్లు 1,274 ఆటలు గెలిచి 192 మాత్రమే ఓడినవి. 1965 జనవరి 30వ తేదీన న్యూయార్కు నుండి పవర్ మెమోరియల్ అను బడి జట్టు వచ్చినది. అది అప్పటికి వరుసగా 71 ఆటలు గెలిచియుండెను. అందులో ఏడడుగుల ల్యూ ఆల్సిండర్ అను బాలుడుండెను. కరీం అబ్దుల్ జబ్బార్ అను పేరున తరువాత లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే. అంత పొడవు చేతులపైనుండి బంతి వేయుట యెట్లు? వూటెన్ తన పిల్లల చేతికి టెన్నిస్ రాకెట్లిచ్చి పైకెత్తి నిలువుడనెను. మిగిలినవారు ఆ రాకెట్ల పైనుండి బంతి వేయుట అభ్యసించిరి. 46కు 43గా డెమాథా గెలిచినది. మన బడిలో టెన్నిస్ రాకెట్లు లేకపోవచ్చును గాని చీపురుకట్టలున్నవి.

2000లో ఆయనకు నైస్మిత్ పేరిటి కీర్తిమందిరమున స్థానము లభించినది. 2020 జనవరిలో మరణించెను. ఆ గెలుపుల సంఖ్యకంటె నన్నాకర్షించినది వేఱు. కళాశాలలవారు పెద్ద జీతములతో పిలిచినను ఆయన హైస్కూలులోనే యుండిపోయెను. ఆ బడివారు ఆయనను ఉండనిచ్చిరి. రెండవ వాక్యమును మన కార్యవర్గ సభ్యులు మఱల చదువవలెనని ప్రార్థన.

అమెరికా మాట మనకేల యందురేమో. హైదరాబాదునకు వత్తము. ఆట ఫుట్‌బాల్, మనిషి మాత్రము ఆ కోవవాడే.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా జీవితము ప్రారంభించెను. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠములు చెప్పెను. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొనెను. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతికి తీసికొనగా, అది ఆ యేటినుండి 1954 వఱకు వరుసగా అయిదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన నడిపిన భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందినది. మఱుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా పరాభవము! పెక్కుమంది మనవారు బూట్లు లేకయే ఆడిరి. ఇంకొకడైన ఆ సిగ్గుతో ఆట మానియుండును. పంతులు మానలేదు. తప్పిన పాఠము మఱల చెప్పెను. నాలుగేండ్లకు మెల్బోర్నులో అదే దేశపు జట్టు ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమునకు చేరినది. ఆ స్థానము భారత ఫుట్‌బాల్‌కు మఱల లభింపలేదు.

రహీం సాహెబు పిల్లలకు పెట్టిన పోటీలలో ఒకటి విచిత్రమైనది. బంతిని కాలితో దొర్లించుకొని పోరాదు. వచ్చిన బంతి వచ్చినట్లే తోటివానికి అందింపవలెను. స్వార్థముగా ఆడు పిల్లవానికి ఇంతకంటె మంచి పాఠము నాకు తోచదు. సికిందరాబాదు ప్రక్కన పేదయింట పుట్టిన బలరామ్ అను బాలుడు శిక్షణకు రాలేకపోగా, సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించుకొన్నది ఈ పంతులే. ఆ తులసీదాస్ బలరామ్ పెద్దవాడైన తరువాత ఈ ఋణమును తలచుకొనుచునే యుండెను.

1962 నాటికి రహీం సాహెబునకు ఊపిరితిత్తులలో క్యాన్సరు వ్యాధి సోకియుండెను. ఆ యేడు సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో, మన జట్టును గేలిచేయు లక్షమంది జనము మధ్య, దక్షిణ కొరియాను రెండింటికొకటిగా ఓడించి ఆయన పిల్లలు స్వర్ణము తెచ్చిరి. 1963 జూన్ 11వ తేదీన ఆయన కన్ను మూసెను. అరువదేండ్లు దాటిన పిమ్మట, 2024లో, 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చినది. మా యింటి పిల్లలు చూచి వచ్చి, "ఈయన మన హైదరాబాదువాడట, నిజమేనా నాన్నా" అని నన్నడిగిరి. మనము చెప్పవలసినది సినిమావారు చెప్పిరి.

ఇక కోడి రామ్మూర్తి నాయుడుగారి మాట. గొలుసులు తెంచినది, రొమ్ముపై ఏనుగు నెక్కించుకొన్నది, సర్కసు నడపినది తెలుగు ఇండ్లలో ముసలివారందఱును చెప్పుదురు. మదరాసులో తరిఫీదు పొంది వచ్చి విజయనగరము బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసెనని మాత్రము ఎవ్వరును చెప్పరు. అది చెప్పదగినంత గొప్ప విషయముగా మనకు తోచలేదు కాబోలు.

దుకాణముల సంగతి. నేను అంగడివాడను, అద్దె రుచి నాకు తెలియనిది కాదు. అందుచేతనే లెక్క చెప్పుచున్నాను. బాస్కెట్ బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. అనగా సుమారు 4,520 చదరపు అడుగులు. బెంగుళూరు భాషలో చెప్పినచో రెండు నలుబది-అరువది సైట్లకంటె తక్కువే. ఇంత చిన్న నేలపై ఒక్కమారు పదిమంది ఆడగలరు. క్రికెట్టు మైదానము మనకు లేదు, రాబోదు. ఉన్న ఈ రెండు సైట్లలో దుకాణములు లేచినచో వాటిని మఱల కూల్చి పిల్లల కిచ్చు కార్యవర్గము ఈ లోకమున పుట్టదు. అద్దె తినుట కలవాటుపడిన సంస్థల నెన్నిటినో చూచితిమి.

చట్టము మాట కూడ సభలో వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము కోరినది. ఆరు మొదలు ఎనిమిది తరగతులలో నూఱుమందికి మించి పిల్లలున్నచోట వ్యాయామ విద్యకు కొద్దికాలపు బోధకునైన నియమింపవలెనన్నది. ఒక సభ్యుడు లేచి, 2014లో సుప్రీంకోర్టు ఆ చట్టము మైనారిటీ సంస్థలకు వర్తింపదని తీర్పు చెప్పినది గనుక మనకు బాధలేదనిరి. చెప్పిన విషయము నిజమే. కాని వినుచుండగా నాకు తల వంగిపోయినది. భాషాల్పసంఖ్యాకులమని మన పెద్దలు హక్కు కోరుకొన్నది పిల్లలకు ఒక భాష అధికముగా చెప్పుకొనుటకు; ఇతర బడులలో నున్న మాస్టరును మన బడిలో లేకుండ చేసికొనుటకు గాదు.

అకాడమీల విషయమున ఆడపిల్లల సంగతి యొకటి కలదు. 2017 జూలైలో మన కంఠీరవ స్టేడియమున మహిళల ఆసియా కప్పు రెండవ శ్రేణి పోటీలు జరిగినప్పుడు, పదేండ్ల నా పెద్దకుమార్తెను తీసికొనిపోతిని. కజకిస్తానుతో తుదియాట. రెండే రెండు పాయింట్ల తేడాతో మన అమ్మాయిలు గెలిచి పై శ్రేణికి పోయిరి. నా కంఠము మూడు దినములు పలుకలేదు. మఱునాడే ఆ పిల్ల బడిలో మాస్టరుగారి ముందు నిలిచినది. ఆయన యున్నన్నాళ్ళు సాయంత్రము ఆఱింటి వఱకు ఆడపిల్లలు ఆ కోర్టులో నుండెడివారు. ఏ తల్లియు గేటు దగ్గఱ నిలిచి ఎదురుచూడలేదు. "మాస్టరున్నాడు" అన్న మాట చాలియుండెను. ఇప్పుడు నా చిన్నకుమార్తె అదే బడిలో చదువుచున్నది. కోర్టులో రెండు బస్సులు నిలుపుచున్నారు. ఊరి రెండవ కొసనున్న అకాడమీకి, ఈ ట్రాఫిక్కులో, చీకటివేళ ఒంటరిగా పంపుటకు మా యింట ఒప్పుకొనలేదు. మీ యిండ్లలో ఒప్పుకొందురా? నేను చేయి యెత్తి ఆదా చేసిన జీతమునకు నా బిడ్డయే వెల చెల్లించినది.

మాస్టరుగారు గత మాఘమాసమున స్వర్గస్థులైరి. పలుకరింపబోయినప్పుడు ఆయన ధర్మపత్ని ఒక ట్రంకు పెట్టె తెఱచి అట్టవేసిన నోటుపుస్తకముల దొంతర చూపిరి. ఏడాదికొకటి. ప్రతి పిల్లవాని పేరు, ఎత్తు, బరువు, లెక్కల మార్కులు, తండ్రి పని, ఇంట ఉదయము ఏమైనను తినివచ్చునా లేదా అను వివరము. కప్పుల వివరము ఎక్కడను కనబడలేదు. నా సంవత్సరము వెదకితిని. నా పేరెదుట ఇట్లు వ్రాసియుండెను: "సాయంత్రం అంగడి. పొద్దున పిలవాలి. ఎడమచేయి బలహీనం. తండ్రి కోపిష్ఠి, మంచివాడు." ఆ పుస్తకములను నేను చదువుచుండగా ఆమె కాఫీ కలుపుకొని వచ్చిరి. జీతబాకీ యేదో రెండు నెలలది ఇంకను రావలసియున్నదని ఆమె అడుగలేదు. మన గుమాస్తా తరువాత లెక్కలు చూచి చెప్పెను. ఆ సొమ్ము ఈ వారము పంపబడినది.

కావున సర్వసభ్య సమావేశమున నేను రెండు సవరణలు ప్రతిపాదింపబోవుచున్నాను. డ్రిల్లు మాస్టరు పదవిని పూర్తికాలపు ఉపాధ్యాయునితో ఈ జూన్ లోపల నింపవలెను. ఆయనకు ఏదో యొక తరగతిలో పాఠము చెప్పు బాధ్యత కూడ నుండవలెను. ఇతర ఉపాధ్యాయులతో సమానమైన జీతమీయవలెను. కోర్టు స్థలమును మఱియే పనికిని వాడరాదని నియమావళిలో చేర్చవలెను. మొదటి సంవత్సరపు జీతములో మూడవవంతు నా అంగడి పద్దున వ్రాసికొనుడని కోశాధికారిగారికి తెలియజేసితిని. మిగిలిన రెండు వంతులకు చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు వర్తకసోదరుల నడుగుటకు నేనే వచ్చెదను. తలుపు మూయకుడు.

తెలుగు పండితుని పదవికై మాటలాడవచ్చు సభ్యులను ఒక్కటి కోరుచున్నాను. మీ తీర్మానమునకు నేను చేయి యెత్తెదను. నా సవరణలకు మీరెత్తుడు. ఎఱ్ఱ గీత ఇద్దఱిపైనను ఒకే సిరాతో గీయబడినది. సమావేశమునకు ముందు ఆదివారము ఉదయము ఆఱింటికి కోర్టులో బస్సులను తీయించి సున్నము చల్లించుచున్నాను. పాత విద్యార్థులలో చీపురు పట్టగలవారు రావలెను.